ఏరిన గుండ్లు

మా బ్లాకులో వెంకటరాజు గారి గురించి ఎవరినడిగినా మంచి మాటే చెబుతారు. లిఫ్టు తలుపు మూసుకోకుండా పట్టుకుని నిలబడతాడు, ఎవరింట్లో వైఫై పోయినా పిలిస్తే చెప్పులేసుకుని వచ్చేస్తాడు, వినాయక చవితికి ఉండ్రాళ్ళు పంచుతాడు. నేనూ కాదనను. కానీ కన్నకూతురి విషయంలో ఆయన చేసింది కళ్ళారా చూశాక, ఆ మంచితనాన్ని మూటగట్టి చెత్త పడేసే గొట్టంలోకి తోసెయ్యాలనిపించింది. సింగపూర్‌లో యూ టీ అనే పేటలో ఆయన ఫ్లాటూ మా ఫ్లాటూ పక్కపక్కనే. పదిహేనేళ్ళ పొరుగు. ఆ ఇంట్లో మాటలు మా వంటింట్లోకి వినపడకుండా ఉండాలంటే నేను చెవుల్లో దూది పెట్టుకోవాలి. ఆ అలవాటు నాకు లేదు.

ఆయనది తణుకు దగ్గర పల్లె. ఉద్యోగం సైన్స్ పార్కులో, ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో. పక్కవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆయన పని. ఆ పనికి ఈ ఊరంతా గాలించినా ఆయనకంటే తగినవాడు దొరకడు. దోసె తెచ్చి పెడితే ముందు మాడిన అంచు కనిపిస్తుంది. పెళ్ళి ఫోటో చూపిస్తే పెళ్ళికూతురి వెనకాల వేలాడే కరెంటు వైరు కనిపిస్తుంది. భార్య సరోజిని బ్యాంకులో పదిమంది మీద పెత్తనం చేస్తుంది గానీ, ఇంటికొస్తే నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ళకి ఒక్కతే కూతురు, కీర్తిక.

వెంకటరాజు గారి దగ్గర ఒకే ఒక్క కథ ఉంది. కొత్తగా పరిచయమైనవాళ్ళకి కాఫీ కప్పు చేతికందేలోపల చెప్పేస్తాడు. కాకినాడలో ఇంజనీరింగు చదివే రోజుల్లో ఎన్‌.సి.సి.లో రైఫిల్ బాగా కాల్చేవాడట. ఢిల్లీ శిబిరానికి జట్టును ఎంపిక చేసే రోజున చివరి తూటా దాకా ఈయనే ముందున్నాడట. ఆ చివరి తూటా చెమ్మ పట్టిన సరుకట. పేలింది గానీ బలం చాలక, కిందకి పోయి మట్టిలో దిగిందట. ఢిల్లీకి ఇంకెవరో వెళ్ళారు. "నేను తప్పలేదండీ, తూటా తప్పింది" అంటాడు చివర్లో. ఎప్పుడు చెప్పినా అదే మాట, అదే గొంతు. మొదటిసారి విన్నప్పుడు అయ్యో పాపం అనుకున్నాను. తర్వాత తర్వాత, ఆ తూటా ఎక్కడైనా దొరికితే నేనే ఎండబెట్టి చేతిలో పెడదామనిపించింది.

ఆ కథకి తోడు ఫోనులో వీడియోలు. అమెరికాలో కొందరు ఇంటి గ్యారేజీలో కూర్చుని, కాల్చేసిన తూటా గొట్టాలని శుభ్రం చేసుకుని, తుపాకి మందు తూచి పోసుకుని, మళ్ళీ తల బిగించి సొంత తూటాలు తయారు చేసుకుంటారట. కొట్లో కొన్నవాటికంటే వీటితో గురి బాగా కుదురుతుందట. ఆఫీసుకి వెళ్ళే రైల్లో అవే చూసేవాడు. నా ఆఫీసు జురాంగ్ ఈస్ట్‌లో, అక్కడిదాకా ఇద్దరిదీ ఒకటే రైలు. నాకు తప్పేది కాదు.

"చూడండి సుమలతగారూ, ఎంత శ్రద్ధో! తన తూటా తనే చేసుకుంటాడు. ఇంక మోసపోయే మాటే లేదు" అని ఫోను నా ముక్కు కింద పెట్టేవాడు.

ఈ దేశంలో అలాంటి పని తలుచుకోవడం కూడా తప్పేనని ఆయనకీ తెలుసు. ఓ నిట్టూర్పు విడిచి ఫోను జేబులో పెట్టుకునేవాడు.

అలా నిట్టూరుస్తూ బతికేసి ఉంటే ఎవరికీ నష్టం లేకపోయేది. కీర్తిక సెకండరీ స్కూల్లో చేరాక ఎయిర్ రైఫిల్ తీసుకుంది. తండ్రిని సంతోషపెట్టడానికి తీసుకుందో, తనకే నచ్చిందో తెలీదు గానీ, మొదటి ఏడాదే కోచ్ కంట్లో పడింది. అక్కణ్ణుంచి ఓ షూటింగ్ క్లబ్బు వాళ్ళ పిల్లల జట్టులోకి వెళ్ళింది. ఎయిర్ రైఫిల్లో మందు ఉండదు. గాలి ఒత్తిడికి చిన్న సీసపు గుండు బయటికి దూకుతుంది, అంతే. పది మీటర్ల అవతల పెన్నుతో పెట్టినంత చుక్క ఉంటుంది, దాన్ని కొట్టాలి. బరువైన కోటు తొడుక్కుని, ఊపిరి బిగబట్టి, గంటకి పైగా నిలబడి కాల్చాలి. నేను ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. ఇంట్లో కాసేపు కుదురుగా కూర్చుని అన్నం తినని పిల్ల అక్కడ అలా నిలబడితే ముక్కున వేలేసుకున్నాను.

తండ్రికి మాత్రం పిల్ల కనిపించలేదు, గుండు కనిపించింది. తూటా చేసుకునే యోగం లేకపోతేనేం, గుండ్లు ఏరుకునే యోగం ఉంది కదా! నగల కొట్లో ఉండేలాంటి చిన్న తూనిక యంత్రం తెప్పించాడు. భూతద్దం తెప్పించాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే భోజనాల బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, డబ్బా విప్పి, ఒక్కో గుండునీ పట్టకారుతో తీసి తూచేవాడు. అంచు సొట్టపోయిందేమో భూతద్దంలో చూసేవాడు. మంచివన్నీ ఓ డబ్బాలోకి, అటూ ఇటూ కానివి ఇంకో దాంట్లోకి, మిగిలినవి మూడో దాంట్లోకి. అంతసేపూ ఇంట్లో ఫ్యాను తిరగకూడదు. గాలికి తూనిక అంకెలు ఊగుతాయట. సింగపూర్‌లో ఫ్యాను ఆపి కూర్చోవడమంటే ఏమిటో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. సరోజిని ఇడ్లీ గిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చేసేది.

"ఆయన తూకం అయ్యేదాకా ఇక్కడ తింటాను అక్కా" అనేది చెమట తుడుచుకుంటూ.

ఎవరి పిచ్చి వారికానందం అని నవ్వుకున్నాను అప్పట్లో. నవ్వాల్సింది కాదని కీర్తిక చెబితే తెలిసింది. ఓ శనివారం సాయంత్రం పోటీలో మొదటి బహుమతి తెచ్చుకుని, వాళ్ళింటికి పోకుండా తిన్నగా మా ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది.

"కంగ్రాట్స్ రా! నాన్న ఏమన్నారు?" అన్నాను.

"ఏమంటారు ఆంటీ, యాజ్ యూజువల్. 'చూశావా, ఈ వారం డబ్బా ఎంత బాగా పనిచేసిందో' అన్నారు. గెలిస్తే డబ్బా గెలిచింది. ఓడితే మాత్రం 'నువ్వేం చేశావ్?' అంటారు. వన్ టైమ్ ఓన్లీ, నువ్వు బాగా కొట్టావ్ అని అంటే చాలు లా. నాట్ సో హార్డ్ వాట్."

ఇక్కడి పిల్లలందరిలా మాట చివర ఆ 'లా' తగిలించి నవ్వుతూనే చెప్పింది గానీ కళ్ళు తుడుచుకుంది. పదిహేడేళ్ళ పిల్ల. ఆ ఒక్క మాట కోసం ఆ కోటు తొడుక్కుని అంతసేపు నిలబడుతోందని నాకు అప్పుడే అర్థమైంది. సోమవారం పొద్దున్నే లిఫ్టు దగ్గర పని గట్టుకుని ఆయన్ని నిలదీశాను.

"ఏమండీ, పిల్ల గెలిస్తే పిల్లని మెచ్చుకోవాలి గానీ డబ్బాని మెచ్చుకుంటారేంటండీ?"

"అలా కాదు సుమలతగారూ. చెయ్యి ఎవరిదైనా ఒకటే. గుండు సరిగ్గా లేకపోతే ఎంతటివాడైనా ఏం చేస్తాడు? నా సంగతే చూడండి..." అని కాకినాడ కథ మొదలుపెట్టాడు. నేను లిఫ్టు ఎక్కేశాను.

కాకినాడ కథకి రెండో సగం ఉందని ఆ వేసవిలో తెలిసింది. ఆయన అన్నగారు వీరభద్రరావు తణుకు నుంచి చూడ్డానికి వచ్చాడు. పెద్ద గొంతు, దాపరికం లేని మనిషి. అందరం కలిసి భోజనం చేస్తుండగా వెంకటరాజు గారు యథాప్రకారం తూటా సంగతి ఎత్తుకున్నాడు. అన్నగారు పప్పులో నెయ్యి కలుపుకుంటూ పకపకా నవ్వాడు.

"చెమ్మ లేదు గిమ్మా లేదమ్మా! నేను గట్టు మీదే ఉన్నాను కదా. మావాడికి చెయ్యి వణికింది. రైఫిలు గొట్టం గాలిపటంలా ఊగింది. ఆడలేక మద్దెల ఓడన్నాడు, అప్పట్నుంచీ అదే పాట."

వెంకటరాజు గారు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. అన్నగారున్న మిగతా రోజులన్నీ ముభావంగానే గడిచాయి. నాకు మాత్రం లెక్క తేలిపోయింది. గుండుదేం లేదని ఒప్పుకుంటే, ముప్పై ఏళ్ళుగా మోస్తున్న ఆ తప్పు తన చేతి మీద పడుతుంది. అది పడకుండా ఉండాలంటే గెలుపైనా ఓటమైనా గుండుదే కావాలి. ఆ లెక్కలో కూతురికి చోటు లేదు.

క్లబ్బులో పిల్లల గుండ్లు ఓ బీరువాలో ఉంటాయి. తల్లిదండ్రుల్లో ఒకళ్ళు దాని తాళం చూసుకోవాలి. ఎవరికీ తీరిక లేని ఆ పనికి ఈయన తనంతట తానే ముందుకొచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ డబ్బాలు క్లబ్బు గడప దాటకూడదని నియమం, అది గోడ మీద కూడా రాసి ఉంది. సొంతంగా కొన్న ఒకటి రెండు డబ్బాల్లో ఏరితే మంచివి ఎన్ని దొరుకుతాయి? బీరువా నిండా ఉన్న సరుకులో ఏరితే బోలెడు. అంచేత ఈయన వారం వారం క్లబ్బు డబ్బాలు సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చి, మంచివి కూతురి డబ్బాలోకి ఏరి, ఆ ఖాళీని మిగతావాటితో పూడ్చి, మళ్ళీ బీరువాలో పెట్టేవాడు. సరోజినికి గానీ కీర్తికకి గానీ అవి క్లబ్బువని తెలీదు. క్లబ్బులోనే కొన్నానని, ఏరగా మిగిలినవి క్లబ్బుకే ఇచ్చేస్తున్నానని చెప్పాడు. ఒక్కో డబ్బా మీద పేరున్న చీటీ అంటించేవాడు, క్లబ్బులో ఎవరి కంటైనా పడితే అర్థం కాకూడదని తెలుగులో రాసేవాడు.

దసరాకి ముందు వారం జూనియర్ జట్టు ఎంపిక జరిగింది. మన ఊళ్ళోనే జరగబోయే పెద్ద పోటీకి, చుట్టుపక్కల దేశాల పిల్లలందరూ వస్తారు. కీర్తిక ఎంపికైంది. జట్టులో చివరి స్థానం కొద్దిలో తప్పిపోయిన పిల్ల కావ్యశ్రీ, మా ఎదుటి బ్లాకు తారాదేవి కూతురు. ఇద్దరూ చిన్నప్పట్నుంచీ స్నేహితులు.

ఇక ఆయుధపూజ వచ్చింది. ఫ్లాటుల్లో ఉండేవాళ్ళకి కత్తీ కొడవలీ ఎక్కణ్ణుంచి వస్తాయి? లాప్‌టాప్‌లకి బొట్టు పెడతాం, ఇస్త్రీపెట్టెకి పెడతాం, మా ఆయన రామారావైతే రైలు కార్డుకి కూడా పెట్టిస్తాడు. వెంకటరాజు గారి ఇంట్లో పీట మధ్యలో గుండ్ల డబ్బాలు కూర్చున్నాయి. కూతురి రైఫిలు ఎప్పుడూ క్లబ్బు దాటి రాదు కాబట్టి దాని బదులు ఇవి. పసుపు, కుంకుమ, చామంతులు, ఎదురుగా దీపం. నేను ప్రసాదం తీసుకోడానికి వెళ్తే ఆయన మురిసిపోతూ ఫోటో తీస్తున్నాడు. పూజ చేసి ఆ ఫోటో నలుగురికీ పంపకపోతే పుణ్యం దక్కదనుకునే జాతి కదా మనది! యూ టీ తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. కింద 'మా ఇంటి ఆయుధాలు' అని రాశాడు. నలభైమంది దణ్ణాల బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను.

తారాదేవి పెట్టలేదు. ఆవిడ నోరు మంచిది కాదు గానీ కళ్ళు మంచివి. ఫోటోని పెద్దది చేసి చూసింది. డబ్బాల పక్కన క్లబ్బు వాళ్ళ ఎర్ర స్టిక్కరు ఉంది. మూతల మీద చీటీలు, ఒకదాని మీద 'కీర్తికకి', ఇంకోదాని మీద 'క్లబ్బుకి'. చీనా కోచ్‌కి అర్థం కాకూడదని తెలుగులో రాసినవాడు, ఆ రాతని పట్టుకెళ్ళి తెలుగువాళ్ళందరి చేతుల్లో పెట్టాడు. అక్షరం అక్షరం చదివింది ఆవిడ. ఆ ఫోటోని అర్థంతో సహా కోచ్‌కి పంపింది.

పండగ వెళ్ళిన శనివారం ఆ డబ్బాలన్నీ తెప్పించి, క్లబ్బులో అందర్నీ కూర్చోబెట్టారు. సరోజిని "నేను చూళ్ళేను, నువ్వు కూడా రా అక్కా" అంటే తోడు వెళ్ళాను. కోచ్ టాన్, కమిటీ పెద్దావిడ ఒకరు, తల్లిదండ్రులు, ఓ మూల కీర్తిక. ఆ పిల్లకి సంగతి అంతకు ముందు రోజే తెలిసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నేను దొంగతనం చెయ్యలేదు. ఒక్క గుండు తక్కువైతే అడగండి. తీసుకెళ్ళినన్ని తెచ్చి పెట్టాను" అన్నాడు వెంకటరాజు గారు.

తారాదేవి లేచింది. "లెక్క సరిపోయింది లెండి. హాకర్ సెంటర్లో తిండి కొనకముందే టిష్యూ పెట్టి బల్ల ఆపుకుని చోప్ చేసినట్టు మంచివన్నీ మీ అమ్మాయికి చోప్ చేసుకున్నారు. ఏరగా మిగిలిన ఎంగిలి మా పిల్లలకి పెట్టారు. మా కావ్య ఏడాదంతా ఆ ఎంగిలితోనే కాల్చింది."

తారాదేవికీ నాకూ ఎప్పుడూ పడదు. కానీ ఆ మాటలో ఒక్క అక్షరం తీసెయ్యడానికి నాకు వీల్లేకపోయింది.

కమిటీ ఆవిడ మర్యాదగానే చెప్పింది. బీరువా తాళం ఇచ్చెయ్యాలి, ఇకనుంచి ఆయన క్లబ్బు లోపలికి రాకూడదు. అది ఆయన సంగతి. కీర్తిక స్థానం సంగతి వేరే. ఏరిన గుండ్ల వల్లే ఆ పిల్లకి ఎక్కువ పాయింట్లు వచ్చి ఉంటే ఆ స్థానం నిలబడదు. అప్పుడు కోచ్ టాన్ ముందుకు వంగి, నెమ్మదిగా, చిన్నపిల్లాడికి దారి చూపిస్తున్నట్టు అడిగాడు. పది మీటర్ల ఆటలో ఇలా తూచడం వల్ల పెద్ద ఒరిగేదేం లేదని తను పిల్లలకి ఎప్పుడూ చెబుతూనే ఉన్నానన్నాడు.

"మిస్టర్ రాజు, మీరు చెప్పండి. మీ ఏరడం వల్ల తేడా వచ్చిందా, రాలేదా? యెస్ ఆర్ నో? తేడా లేకపోతే ఆమె స్కోరు ఆమెదే. ఈజీ లా."

ఇంతకంటే ఎవరైనా ఏం చేస్తారు? కోచ్ ఆయన నోటికే అందించాడు మాటని. 'లేదు' అంటే చాలు. కీర్తిక తండ్రి వైపు చూసింది. సరోజిని నా చెయ్యి పట్టుకుంది. వెంకటరాజు గారు గోడ వైపు చూశాడు, నేల వైపు చూశాడు, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"తేడా ఎందుకు రాదు? తప్పకుండా వస్తుంది" అన్నాడు.

ఆ క్షణంలో ఆయన్ని చెంప మీద కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. ఇప్పటికీ తగ్గలేదు. ముప్పై ఏళ్ళ కిందటి చెయ్యి వణుకుని దాచుకోవడానికి, కళ్ళెదుట నిలబడ్డ కూతుర్ని తోసేశాడు. సరోజిని మొదటిసారి నోరు తెరిచి "ఏమండీ!" అంది. అంతే అనగలిగింది.

అప్పుడు కీర్తిక లేచింది. "కోచ్, ఐ విల్ షూట్ విత్ ద లెఫ్టోవర్స్. ఆ క్లబ్బుకి అని రాసిన డబ్బాతో కొడతాను. నాన్న ఏరిన డబ్బా కావ్యకివ్వండి. నౌ. ఎవ్రీబడీ కెన్ వాచ్." తారాదేవి వైపు తిరిగి, "ఓకేనా ఆంటీ?" అంది.

తారాదేవి కాదనలేకపోయింది. కోచ్ ఒప్పుకున్నాడు. అందరం అద్దాల వెనక నిలబడ్డాం. ఆ ఒక్కరోజుకీ వెంకటరాజు గారిని ఉండనిచ్చారు. పిల్లలిద్దరూ పక్కపక్కనే కోట్లు తొడుక్కున్నారు. కావ్యశ్రీ చేతికి ఏరిన డబ్బా వచ్చింది, పసుపు ఇంకా మూత అంచున ఉంది. కీర్తికకి మిగులు డబ్బా. ఆ డబ్బాలోంచి గుండు తీసి పెట్టుకోవడం, రైఫిలు ఎత్తడం, బుగ్గ ఆనించడం, ఊపిరి వదలడం, ఆగడం. ఏడుస్తుందేమో, చెయ్యి ఊగుతుందేమోనని భయపడ్డాను. తండ్రికి ఊగిన చోట కూతురికి ఊగలేదు. ఒకదాని వెనక ఒకటి మధ్య చుక్కలోకే వెళ్ళాయి. పైన తెర మీద అంకెలు పడుతున్నకొద్దీ అద్దం వెనక అందరూ ముందుకు జరిగారు.

కావ్యశ్రీకి ఎప్పుడూ వచ్చేటన్ని పాయింట్లే వచ్చాయి. కీర్తికకి ఎంపిక రోజుకంటే ఎక్కువ వచ్చాయి. ఆ పిల్ల అంతవరకూ ఎప్పుడూ అంత బాగా కాల్చలేదని కోచే చెప్పాడు. కావ్యశ్రీ రైఫిలు కింద పెట్టి వచ్చి కీర్తికని వాటేసుకుంది. తారాదేవి లోపలికి వెళ్ళి, కీర్తిక తల నిమిరింది.

"అమ్మాయ్, బాగా కొట్టావమ్మా" అంది.

ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాట, అలా శత్రువు నోటి నుంచి వచ్చింది. కీర్తిక "థాంక్యూ ఆంటీ" అని, ఆవిడ భుజం మీంచి తండ్రి వైపు చూసింది. కోటు బొత్తాలు విప్పుకుంటూ ఆయన దగ్గరకి వచ్చి నిలబడింది. అడగలేదు. అడగాల్సిన పనేముంది, మొహమంతా అదే రాసి ఉంది. మేమందరం కాస్త ఎడంగా జరిగాం. ఇప్పటికైనా అంటాడని నాకు నమ్మకం, నమ్మకమంటే అంతే మరి.

వెంకటరాజు గారు తెర మీద అంకెలు ఇంకోసారి చదువుకున్నాడు. "ఆ వారం ఆఫీసు పని తొందరలో సరిగ్గా తూచలేదు నేను. ఆ మిగులు డబ్బాలోకి మంచివి చాలా పోయుంటాయి" అన్నాడు.

కీర్తిక కోటు చివరి బొత్తం విప్పుకుంది. "ఓకే నాన్నా" అంది. కోటు మడిచి సంచీలో పెట్టుకుంది. తిరుగు రైల్లో తండ్రి పక్కన ఖాళీ ఉన్నా వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆ పిల్ల స్థానం ఆ పిల్లకి దక్కింది. ఇంట్లో తూనిక అటకెక్కింది, ఆదివారాలు ఫ్యాను తిరగడం మొదలైంది. సరోజిని ఇడ్లీలు తన బల్ల మీదే తింటోంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారనుకున్నాను. కానీ కీర్తిక ఇంట్లో ఆట ఊసెత్తడం మానేసింది. ఎప్పుడు సాధన, ఎంత వచ్చింది, ఏదీ చెప్పదు. మా ఇంటికొచ్చి నాకు చెబుతుంది. నేను సంతోషించాలో ఏడవాలో తెలీక పకోడీలు వేసి పెట్టేదాన్ని. ఆయనా అడగలేదు. గుండ్లు తన చేతిలో లేవు కాబట్టి ఇంక అడగడానికి ఏమీ లేదనుకున్నాడో ఏమో.

పోటీ రోజు సరోజినీ నేనూ వెళ్ళాం. అది వేరే చోట పెద్ద హాల్లో, అక్కడికి ఆయన్ని రావద్దన్నవాళ్ళు ఎవరూ లేరు. సరోజిని రమ్మంది కూడా. "నేనొస్తే మళ్ళీ ఎవరైనా ఏమైనా అంటారు" అని ఇంట్లోనే ఉండిపోయాడు. కీర్తికకి రెండో స్థానం వచ్చింది. మలేషియా అమ్మాయి ఒకతి కాస్తలో ముందుకెళ్ళింది. మెడలో వెండి పతకం వేస్తుంటే సరోజిని బిగ్గరగా ఏడ్చేసింది, చుట్టుపక్కలవాళ్ళు టిష్యూలు ఇచ్చారు.

మేము తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. వెంకటరాజు గారు బ్లాకు కింద రాతి బల్ల దగ్గర కూర్చుని మా కోసమే ఎదురుచూస్తున్నాడు. మమ్మల్ని చూడగానే లేచి గబగబా ఎదురొచ్చాడు. మనిషి ముఖంలో ఆత్రం కనిపించింది. నా మనసు కూడా ఒక్క క్షణం కరిగింది, పోనీలే అనుకున్నాను. కీర్తిక ఆగింది. సంచీ జిప్పు మీద చెయ్యి పెట్టింది, పతకం అందులోనే ఉంది.

"ఏ బ్యాచ్ గుండ్లు ఇచ్చారమ్మా?" అన్నాడాయన.

కీర్తిక జిప్పు మీంచి చెయ్యి తీసేసింది. "నేను చూళ్ళేదు నాన్నా" అని లిఫ్టు వైపు వెళ్ళింది. సరోజిని పిల్ల వెనకే వెళ్ళింది. ఆయన నా వైపు తిరిగి, "డబ్బా మీద రాసి ఉంటుంది సుమలతగారూ, మీరేమైనా చూశారా?" అన్నాడు. నోటికొచ్చిన తిట్టు మింగేసి నేనూ నడిచాను.

ఆ సాయంత్రం కీర్తిక మా ఇంటికొచ్చి పతకం బల్ల మీద పెట్టింది. "ఇది మీ దగ్గర ఉంచండి ఆంటీ. నాన్న అడిగితే ఇద్దురుగాని" అంది. మా బీరువాలో పట్టుచీరల మధ్య ఉంది అది. ఆయన రోజూ నాతోనే రైలెక్కుతాడు, వానల గురించీ ఆఫీసు గురించీ మాట్లాడతాడు. ఇంతవరకూ దాని గురించి అడగలేదు.